పెద్దమ్మని చుట్ట గురించి ఎవరు అడగాలి?

మా పెద్దమ్మ నా మాట ఒక్కటీ వినదు. అమ్మ పోయాక జంగ్లీఘాట్‌లో నన్ను పెంచి, నర్సింగు చదివించింది ఆవిడే కాబట్టి, వినాల్సింది నేనేనని ఆవిడ ఉద్దేశం. శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకి వచ్చిన మా పెద్దవాళ్ళలాగే ఆవిడకీ నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అలవాటు. వయసు అరవై దాటింది. ఊపిరితిత్తుల్లో క్యాన్సరుంటే దగ్గు మొదలవకముందే స్కాన్‌లో తెలిసే అవకాశం ఉంది, ఒక్కసారి రమ్మని ఏడాదిగా బతిమాలుతున్నాను.

"నాకేటయిందే? బాగానే ఉన్నాను గదా," అనేది.

ఇంతలో, ఆ స్కాన్ ఎవరికి అవసరమో గుర్తించడం నేర్పమని కొందరు ఆరోగ్య కార్యకర్తలను నాకు అప్పగించారు. నాకో దొంగ ఆలోచన వచ్చింది. ప్రాక్టీసుకి పేషెంటు కావాలని చెప్పి పెద్దమ్మని తీసుకొచ్చాను. ఇంతమంది చెబితే అయినా వింటుందని ఆశ. ఆవిడ పట్టుచీర కట్టుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చింది.

అందరూ వయసు అడిగారు, దగ్గు అడిగారు, ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా అని అడిగారు. పొగ తాగే సంగతి ఒక్కరూ ఎత్తలేదు. "అమ్మమ్మ ఏక్‌దమ్ ఫిట్! స్కాన్ అక్కర్లేదు," అని తేల్చేశారు. పెద్దమ్మ నావైపు ఎన్నికల్లో గెలిచినట్టు చూసి, టీ తాగడానికి వరండాలోకి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"అసలు ప్రశ్న ఎందుకు వదిలేశారు?"

తుష్నాబాద్ నుంచి వచ్చే అమ్మాయి నసిగింది. "ఆడవాళ్ళని, అందులో పెద్దవాళ్ళని, ఎలా అడుగుతాం దీదీ? బురా మాన్ జాయేగీ, కోపమొస్తాది."

"మీ నాయనమ్మ తాగదా?"

"తాగుతాది," అనేసి నాలిక కరుచుకుంది. గదంతా నవ్వులు. సగం మంది ఇళ్ళలో అదే కథ. మర్యాదకి పోయి, మా నాయనమ్మలందరినీ లెక్కలోంచి తీసేశాం!

అప్పటికే వరండాలో పెద్దమ్మ బొడ్లోంచి చుట్ట తీసి వెలిగించి, నిప్పు లోపలికి తిప్పేసింది. ఆ అమ్మాయి వెళ్ళి పక్కన కూర్చుంది. "ఎప్పుడు మొదలెట్టావ్ అమ్మమ్మా?" అని, చేపల పులుసు ఎలా వండుతావని అడిగినంత మామూలుగా అడిగింది. పెద్దమ్మ దాచకుండా అంతా చెప్పింది. నేను తలుపు వెనకే నిలబడ్డాను.

"మరి దీదీ స్కాన్‌కి పిలిస్తే ఎందుకు వెళ్ళలేదు?"

"అది నర్సు గదే. ఏటైనా ఉంటే డాక్టరు సెప్పకముందే దాని మొగంలో కనబడిపోతాది. తల్లి పోయినప్పుడు దాని మొగం సూసాను. మల్లీ సూడలేను."

మొండితనం అనుకున్నదంతా నామీద ప్రేమే.

"అయితే నాతో రా. దీదీ వద్దు," అంది ఆ అమ్మాయి. పెద్దమ్మ ఒప్పుకుంది.

స్కాన్ రోజున నేను ఇంట్లోనే ఉండిపోయాను. రిపోర్టు వచ్చిన రోజు మాత్రం ఆగలేక ఆసుపత్రి గేటు దగ్గర తచ్చాడాను. కాసేపటికి ఆ అమ్మాయి పరుగున వచ్చింది.

"ఏమీ లేదంట దీదీ! చుట్ట మానేసి మళ్ళీ ఏడాదికి రమ్మన్నారు. కానీ అమ్మమ్మ నమ్మట్లేదు. డాక్టరు రెండుసార్లు చెప్పినా నమ్మట్లేదు. మిమ్మల్ని పిలుచుకురమ్మంది."

లోపలికి వెళ్ళాను. పెద్దమ్మ తన చేతిలో ఉన్న రిపోర్టు వైపు చూడనేలేదు. నా మొహంలోకి తేరిపార చూసింది. నేను నవ్వాను.

అప్పుడు లేచి చెప్పులేసుకుంది. "ఆకలేస్తంది, పదే."