మా ఆయన చేతి దెబ్బలు

పెళ్లయిన ఏడాదికి, యాభైల మొదట్లో, మా ఆయనకు ఉదయగిరి పోలీసు స్టేషనుకు బదిలీ అయింది. ఆయన కానిస్టేబులు. స్టేషను వెనకే మా క్వార్టర్సు. నేను బావి దగ్గరికి వెళితే ఆడవాళ్లు మాటలాపి పక్కకు జరిగేవాళ్లు. అది మర్యాద అనుకుని కొన్నాళ్లు మురిసిపోయాను. ఒకరోజు ఒకామె, ఏడుస్తున్న బిడ్డకు నన్ను చూపించి, "అదిగో, పోలీసాయన పెండ్లాం వస్తా ఉండాది, నోరు ముయ్" అన్నది. అప్పుడు తెలిసింది. నాకు జ్వరమొస్తే గంజి కాచి తాగించే మనిషిని చూసి ఊరెందుకు భయపడుతుందో నాకు అర్థం కాలేదు.

ఆ ఎండాకాలంలోనే, సీతారామపురం దారిలోని పల్లె నుంచి ఒకామె నడిచొచ్చి మా గడప ముందు కూలబడింది. ఆమె భర్త ఒక పెద్ద రైతు దగ్గర గొర్రెలు కాస్తాడు. నాలుగు గొర్రెలు తప్పిపోతే, అతనే అమ్ముకున్నాడని రైతు రిపోర్టు ఇచ్చాడు. ముందురోజు నుంచి అతను లాకప్పులో ఉన్నాడు.

"సంగటి తెచ్చినా తల్లీ. లోపలికి పోనియ్యలేదు. కొట్టొద్దని మీ ఆయనతో ఒక మాట చెప్పమ్మా."

"మా ఆయన ఎవర్నీ కొట్టడు" అన్నాను. నమ్మే అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, సంగటి మూట గడప దగ్గర పెట్టింది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చినప్పుడు అడిగాను. "ఆ గొర్రెలాయన్ని ఎవరన్నా కొట్టినారా?"

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "నేనే. హెడ్ కానిస్టేబులు కొట్టమన్నాడు. అరికాళ్ల మీద కొట్టినాను."

"చెప్పినాడా మరి?"

"చెప్పేదానికి, వానికి తెలిస్తే గదా."

ఆయన ఇక తినలేదు. చెయ్యి కడుక్కుని, గడప దగ్గరున్న సంగటి మూట తీసుకుని స్టేషనులోకి వెళ్లారు.

మర్నాడు ఆ రైతే వచ్చాడు. గొర్రెలు వేరే మందలో కలిసిపోయాయట, దొరికాయని చెప్పాడు. కాపరిని వదిలేశారు కానీ అతను పాదం నేల మీద మోపలేకపోయాడు. మా ఆయన యూనిఫారం విప్పి పంచె కట్టుకుని, ఒక ఎద్దులబండి మాట్లాడి, అతన్ని రెండు చేతులతో ఎత్తి అందులో పడుకోబెట్టారు. భార్య పక్కన కూర్చుంది. బజారంతా నిలబడి చూసింది.

"కాళ్లు విరగ్గొట్టినారు. ఇప్పుడు యాడికో తీసకపోతా ఉండారు" అన్నాడు ఎదురంగడాయన.

"వాళ్లింటికే" అన్నాను. ఎవరూ నమ్మలేదు.

పొద్దుగూకే వేళకు ఆయన తిరిగొచ్చారు. బజారు మాటలు చెప్పి నేను మండిపడ్డాను.

"అననీలే. కాళ్లు విరగలేదు, అంతే గదా తేడా" అన్నారు. మళ్లీ ఆయనే, "దోవలో తప్పయిందని చెప్పినాను. 'మీదేముందయ్యా, పైవాళ్లు చెప్పినారు, మీరు చేసినారు' అన్నాడు. ఆమె మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు."

ఆ రాత్రి ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

తర్వాత ఆయన అడిగి మరీ, ఆత్మకూరు కోర్టు సమన్లు అందించే పనికి మారారు. ఎండలో ఊళ్లు తిరిగే ఆ పని ఎవరికీ ఇష్టముండేది కాదు. ఖాకీ బట్టలు చూసి జనం తలుపులు మూసుకోవడం మానలేదు. ఒకసారి మాత్రం మర్రిపాడు దగ్గర, సమను అందుకున్న ముసలాయన నీడన కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడట. ఆ సంగతి ఆయన ఇంటికొచ్చి నాకు రెండుసార్లు చెప్పారు.