మా నాన్న కోసం కూడా జెట్టీకి వెళ్లిన మేడమ్

మా ఇంగ్లీషు మేడమ్ పోయారని మొన్న ఉదయం డాలీగంజ్‌లోని ఆవిడ ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. అమ్మకు వెంటనే చెప్పలేదు. అన్నం తినేదాకా ఆగి చెప్పాను. అమ్మ ఏడవలేదు. చీర మార్చుకుని, పద అంది.

మేడమ్ మెత్తని మనిషేమీ కాదు. ఆవిడ దగ్గర చదివినవాళ్లు ఇది చదువుతుంటే, బల్ల మీద వచ్చి పడే నోట్సుల చప్పుడు గుర్తుండే ఉంటుంది. ఏ క్రియ నేర్పినా దానితో రాసే వాక్యం మన ఇంటి గురించే ఉండాలి, నిజమై ఉండాలి అనేవారు. మొదటి వాక్యం బోర్డు మీద తానే రాసేవారు. అలా ఆవిడ అత్తగారి నడుంనొప్పి సంగతి క్లాసంతటికీ తెలుసు.

కార్ నికోబార్ దీవికి పడవ పని మీద వెళ్లిన మా నాన్న సునామీ తర్వాత తిరిగి రాలేదు. అక్కడే కాంట్రాక్టు పనులు చేయిస్తున్న మేడమ్ భర్త కూడా రాలేదు. ఇద్దరి శవాలూ దొరకలేదు. బడి మళ్లీ తెరిచాక ఒకరోజు పాఠంలో ‘వెయిట్’ వచ్చింది. మేడమ్ ఎప్పటిలాగే సుద్దముక్క అందుకుని, ‘ఐ యామ్ వెయిటింగ్ ఫర్ మై హస్బెండ్’ అని రాసి, మీరూ రాయండి అన్నారు. నేను నాన్న గురించి రాశాను. మా అందరికీ అలవాటైన తప్పే, ‘ఫర్’ వదిలేశాను.

“ఎవరి కోసమో చెప్పాలి కదా, బేటీ” అని ఎర్రపెన్నుతో అది చేర్చారు. ఇంకేమీ దిద్దలేదు. నిజం కానిది రాయనివ్వని మనిషి ఆ వాక్యాన్ని ఉండనిచ్చినందుకు నాకు కొండంత ధైర్యం వచ్చింది.

అది ఎన్నాళ్లో నిలవలేదు. అమ్మ నన్ను బడి మాన్పించింది. నికోబార్ ఓడ ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తే, దిగేవాళ్లను హిందీలో అడగడానికి అమ్మ పక్కన నేనుండాలి. సంగతి తెలిసి మేడమ్ గరాచర్మలోని మా గదికి వచ్చారు.

“నానెల్లకపోతే ఆయన్ని ఎవులు సూత్తారమ్మా?” అంది అమ్మ.

“ఫోటో ఇవ్వు. జహాజ్ వచ్చినప్పుడల్లా నేనెలాగూ వెళ్తాను. మీ ఆయన కోసం కూడా నేనే చూస్తాను. పిల్లని మాత్రం పంపు.”

అమ్మ చాలాసేపు ఫోటో వదల్లేదు. చివరికి ఇచ్చింది.

అప్పటినుంచి ఓడ వచ్చిన రోజు మేడమ్ జెట్టీ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేవారు. రాలేదు అని ఒక్క మాట చెప్పేవారు. అమ్మ టీ ఇచ్చేది. పంచదార ఎక్కువైందని విసుక్కుంటూనే గ్లాసు ఖాళీ చేసేవారు. నా చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది. రిటైరయ్యాక, మోకాళ్లు అరిగిపోయాక కూడా ఆవిడ వెళ్లడం మానలేదు. ఇంక భర్తకు కర్మలు చేసేయమని చెప్పడానికొచ్చిన బంధువులకు మంచినీళ్లిచ్చి పంపేశారు. నాన్న, ఆవిడ భర్త ఇద్దరూ ఇక రారని ఆవిడకు తెలుసనే నేననుకుంటాను. ఆ మాట అమ్మతో అనలేకపోయారు. నేనూ అనలేకపోయాను.

మేము వెళ్లేసరికి మేడమ్‌కు స్నానం చేయించి పడుకోబెట్టారు. నుదుట బొట్టు పెట్టాలా వద్దా అని పెద్దవాళ్లు తర్జనభర్జన పడుతున్నారు. అమ్మ కుంకుమ భరిణె అందుకుంది.

“ఆయన పోనాడని ఈయమ్మ ఏనాడూ అన్లేదు” అంటూ రూపాయంత బొట్టు పెట్టింది.

ఇంటికొచ్చాక స్నానానికి కూర్చున్న అమ్మ ఎంతకీ లేవకపోతే కుళాయి దగ్గరికి వెళ్లి చూశాను. నుదురు రుద్దుకుంటోంది.

“ఇంక మనకొచ్చి సెప్పేవోలు లేరే” అంది.

కుంకుమ నీళ్లు ముక్కు మీదుగా గడ్డం దాకా కారుతున్నాయి. ఇన్నేళ్లూ బొట్టు కింద ఎండ తగలని చోటు, వేలి చివరంత, తెల్లగా బయటపడింది.