శుక్రవారం నూనె

ఆ ఉదయం తమిళనాట అన్నూరు దగ్గర మా అక్క ఇంట్లో ఉన్నవాళ్ళు: అక్క, ఆమె ఆరేళ్ళ కూతురు, మేము అవ్వ అని పిలిచే మా అమ్మమ్మ, ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సు, నేను. ఉన్న వస్తువులు: మంచుపెట్టె, అందులో జెల్ నింపిన సిరంజి, గాజుగుడ్డ, సెలైను సీసా, కొలబద్ద.

పాపది అరుదైన చర్మవ్యాధి. చర్మపు పొరలను కలిపి పట్టుకునే ఒక ప్రొటీన్ ఆమె ఒంట్లో తయారుకాదు. కాస్త రుద్దుకుంటే చర్మం ఊడి వస్తుంది. ఆ ప్రొటీన్‌కు కావలసిన జన్యువును, జబ్బు చేయకుండా మార్చిన వైరస్‌లో పెట్టి, జెల్‌లో కలిపి గాయం మీద వేస్తారు. జెల్ పని ఒకటే, మందు జారిపోకుండా గాయాన్ని అంటిపెట్టుకోవడం. కోయంబత్తూరులో నా ఉద్యోగం ఇలాంటి జెల్‌ల చిక్కదనం కొలవడం. ఇది మాత్రం మేము చేసింది కాదు.

ఆసుపత్రివాళ్ళ పరిశోధనలో పాపకు చోటు దొరికింది. ఒక్క గాయమే ఎంచుకోవాలి. అక్క వీపు గాయం చెప్పింది. దానివల్ల పాప బడి బస్సులో వెనక్కి ఆనుకోలేదు. దారి పొడుగునా ముందు సీటు కమ్మి పట్టుకుని కూర్చుంటుంది.

నర్సు కట్టు విప్పింది. వీపంతా నూనెతో మెరుస్తోంది.

"ఎన్నె ఎవురు పెట్టింది?" అంది అక్క.

"నేనే. శుక్రవారం గదా," అంది అవ్వ. "ఎన్నె పెట్టకుండా ఆడబిడ్డిని మంచిపనికి కూర్చోబెడతారా ఎవురన్నా? కట్టు మెల్లగా ఎత్తే పెడితిని."

"అవ్వ నన్ను వడ చేస్తుండాది మామా," అంది పాప నాతో.

"వాయి చూడు దీనికి, ఎంత నోరో! వడైతే ఈపాటికి తినేసుందును."

నర్సు సెలైను పోసింది. నూనె పోలేదు. రుద్దితే చర్మం ఊడుతుంది. ఒక చుక్క జెల్ వేసి చూసింది. అది పూసలా దొర్లి నడుము దగ్గరికి జారింది.

"రేపు వెయ్యకూడదా తంబీ?" అని అక్క నన్నడిగింది.

"మందు ఒకసారి కరిగినాక మళ్ళీ గడ్డ కట్టించకూడదక్కా. ఈపొద్దే వాడాల."

"శీకాయ పొడి చల్లితే పోతుంది," అంది అవ్వ.

నర్సు డాక్టరుకు ఫోన్ చేసింది. నూనె తగలని గాయం ఉంటే దానికి వేయమన్నాడు. ఈ రోజు ఏ గాయానికీ వేయకపోతే పాప చోటు ఇంకో బిడ్డకు పోతుంది. మొదట మందు పడిన గాయానికే చివరిదాకా మందు, మధ్యలో మార్చరు.

ఎడమ మోచేతి మీద చిన్న గాయం ఉంది.

"ఆడ పెట్టలే. చెయ్యి ఇయ్యలే అది," అంది అవ్వ. ఈసారి గొంతు తగ్గింది.

అక్క పాప వీపు మీద గాజుగుడ్డ కప్పింది.

"సరి. చేతికే వెయ్యమను."

నర్సు చుక్క పక్కన చుక్కగా వేసింది. జెల్ కదల్లేదు.

తర్వాత నర్సు ప్రతి వారం వచ్చింది, బుధవారాల్లో. మా ఇళ్ళలో అది మగవాళ్ళు నూనె పెట్టుకునే రోజు.

ఇప్పుడు పాప మోచెయ్యి బల్లకు ఆనించి రాస్తుంది. బస్సులో కమ్మి పట్టుకునే కూర్చుంటుంది. చివరి కొలతలు నేనే తీశాను. మోచేతి గాయం, సున్నా. వీపు గాయం, పొడవు తొమ్మిది సెంటీమీటర్లు, వెడల్పు నాలుగు.