బియ్యం డబ్బాలో హార్డ్ డిస్క్

మా ఆయన రాసుకున్న సినిమా కథంతా ఇంట్లోని పాత కంప్యూటర్‌లోనే ఉంది, ఇంకెక్కడా లేదు. ఈ రోజు ఆన్ చేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోయింది. ఆయన పనికి వెళ్ళాక వచ్చిన మెకానిక్, హార్డ్ డిస్క్ పాడైనట్టుంది, షాపుకు తీసుకెళ్ళాలన్నాడు. అందులో సినిమా కథ ఉందనగానే, "అన్న రైటరా అక్కా? ఏం కథ?" అని కూడా అడిగాడు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటేనే నాకు బెరుకు. అయినా, "డిస్క్ ఇక్కడ పెట్టి మిగతాది తీసుకెళ్ళు తమ్ముడూ" అన్నాను.

"గా డిస్క్ లేకుంటే ఏం చూడాలక్కా? మీ కథ నాకెందుకు, నా దగ్గరే ఒకటుంది. జర వినమని అన్నకు చెప్పు."

అనుమానం రెట్టింపైంది. డిస్క్ ఊడదీయించి బియ్యం డబ్బాలో దాచాను.

సాయంత్రం జరిగింది చెబితే మా ఆయన మెచ్చుకుని, మెల్లగా, "ఇంతకీ అతని కథేంటో చెప్పాడా?" అన్నారు.

ఇప్పుడు నేనెవర్ని అనుమానించాలో మీరే చెప్పండి.