అరగని చక్రాలు

మొన్న మా మనవడు స్కేటుబోర్డు చక్రాలు నాలుగూ ఊడదీసి భోజనాల బల్ల మీద పరిచి, అంచు గుండ్రంగా ఉన్నవి ఏ నేలకు నయమో, పదునుగా ఉన్నవి ఎంత తొందరగా ఒక పక్కకు అరుగుతాయో నాకు అరగంట సేపు పాఠం చెప్పాడు. భౌతికశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకున్నవాణ్ణి కాబట్టి ఏమీ తెలియనట్టు విన్నాను. నిజానికి ఆ విషయంలో మా ఇంటికి అరవై ఏళ్ల అనుభవం ఉంది; డిగ్రీకీ దానికీ సంబంధం లేదు.

అరవైల మొదట్లో మేము గుంతకల్లులో రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. నాయన లోకోషెడ్డులో ఫిట్టరు. నేను అనంతపురంలో కాలేజీ చదువుతూ శనివారం సాయంత్రం బండికి ఇల్లు చేరేవాణ్ణి. మా చెల్లెలికి మూడో ఏట వచ్చిన జ్వరం కాళ్లలో బలం తీసుకుపోయింది, నోటిని మాత్రం ముట్టుకోలేదు. హైస్కూలుకు ఎవరి చంకనెక్కీ పోయేది లేదని ఆమె తేల్చి చెప్పడంతో, కూర్చొని చేతులతో నేలను తోసుకుంటూ పోయేందుకు ఒక పలకబండి కావలసి వచ్చింది.

మొదటి చక్రాలు నాయన చేయించాడు. రైల్వే మనిషికి చక్రమంటే రైలు చక్రమే కాబట్టి, లోపలివైపు అంచు పైకి లేచి, ఒక పక్కకు వాలుగా ఉన్న నాలుగు ఇనుప చక్రాలు తయారయ్యాయి. పట్టాల మీద బ్రహ్మాండంగా ఉండేవేమో. మా వీధి ఇసుకలో ఆ అంచు మడక కర్రులాగా దిగి, బండి బజారు నడుమ నాటుకుపోయింది. చుట్టూ చేరినవాళ్లలో ఒకాయన, "ఏమప్పా, ఈడ శెనిక్కాయలు విత్తుతాండారా?" అని పరామర్శించాడు. తప్పు చక్రాలది కాదు, రోడ్డుదేనని నాయన చివరిదాకా నమ్మాడు. తరువాత చక్రాల బదులు పెట్టిన బాల్ బేరింగులకు వేగానికి లోటు లేదు, చప్పుడుకు అసలే లేదు. వారంలో దుమ్ము మేసి బిగుసుకుపోయాయి.

చివరికి బజారులో వడ్రంగి కొట్టు పెట్టుకున్న నాయన స్నేహితుడు, మేము మామా అని పిలిచే సాయిబు, తుమ్మచెక్కతో వెడల్పుగా, అంచులు గుండ్రంగా తిరిగిన చక్రాలు చేసిచ్చాడు. అవి రాయిని కొట్టుకోకుండా ఎక్కి దిగేవి. అయితే చెల్లెలు కుడివైపుకు ఒరిగి తోసేది కాబట్టి ఆ పక్క అంచులు ముందు అరిగి, బండి ఒక పక్కకు లాగేది. అందుకని ప్రతి ఆదివారం మేమిద్దరం కొట్టుకు పోతే, మామ కుడివి ఎడమకు, ముందువి వెనక్కు మార్చి, అంచుల మీద నీలం పెన్సిలుతో చుట్టూ గీత గీసేవాడు. ఏ గీత ఎంత చెరిగిందో మరుసటి ఆదివారం చూస్తే అరుగుదల తెలిసేది. నేను ఘర్షణ సూత్రాలు వివరించబోతే, "మీ కాలేజీలో చక్రం చూపిస్తారా, పేరు చెప్పి ఇడిసిపెడతారా?" అని అడిగాడు. పేరు చెప్పే వదిలేసేవాళ్లు.

చెల్లెలు ఎస్సెస్సెల్సీకి వచ్చింది. పరీక్షలు రెండు నెలల్లోకి వచ్చిన ఒక ఆదివారం, మామ ఒక చక్రం తిప్పి చూసి, మిగతా మూడూ తిప్పి చూశాడు. నీలం గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి.

"ఏమ్మా, మన రోడ్డు మెత్తబడిండాదా?" అన్నాడు.

చెల్లెలు గోడవైపు తిరిగి చెప్పింది.

"బడి మెట్ల కాడ ఇద్దరు మనుషులు నన్ను మూట మాదిరి ఎత్తి లోపల పెడతాండారు మామా. అందురూ చూస్తాంటారు. చిన్నప్పుడంటే సరే. ఇంగ నేను పోను."

వారం రోజులుగా పక్కవీధిలో స్నేహితురాలి ఇంట్లో కూర్చొని, బడి వదిలే వేళకు ఇల్లు చేరుతోందట. ఆమెకు ఓణీ వేసే వయసు వచ్చిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ సంగతిని బడి ముందరి మూడు మెట్లతో కలిపి ఆలోచించాలని మాత్రం ఎవరికీ తోచలేదు, డిగ్రీ చదువుతున్న నాతో సహా. ఇది బయటపడితే పరీక్ష సంగతి అంతటితో సరి. ఆడపిల్లకు ఇన్ని అగచాట్ల చదువెందుకని అమ్మ అప్పటికే అంటూ ఉండేది.

మామ ఇంట్లో చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. సోమవారం నేను కాలేజీ ఎగ్గొట్టి, మామ మాట మీద చెల్లెలిని వెంటబెట్టుకొని బడికి పోయి చూస్తే, జారకుండా అడ్డబద్దలు కొట్టిన పొడవాటి పలకలను మెట్ల మీద వాలుగా పరిచి, కింద రాళ్లు పెట్టి బిగిస్తున్నాడు. హెడ్మాస్టరు వచ్చి, ఎవరి అనుమతితో అని అడిగాడు.

"చక్రం అరగల్ల కదా సార్," అన్నాడు మామ, తల ఎత్తకుండా. "అరక్కుంటే నాకు నిద్ర పట్టదు."

హెడ్మాస్టరు ఆ పలకలను ఒకసారి కాలితో నొక్కి చూసి, గంట కొట్టమని చెప్పి లోపలికి పోయాడు. అంతకంటే ఉదారమైన ఉత్తర్వు నా ఉద్యోగ జీవితంలో ఎక్కడా చూడలేదు.

చెల్లెలు రెండుసార్లు సగం దాకా ఎక్కి వెనక్కు జారింది. మామ చేయి చాచబోయి, మళ్లీ వెనక్కు తీసుకున్నాడు. మూడోసారి ఎక్కేసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందుకేనేమో మరుసటి రోజు కూడా వచ్చింది. పరీక్ష రాసింది, పాసయింది, తరువాత ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పింది.

ఇప్పుడు బ్యాంకుకు పోయినా ఆసుపత్రికి పోయినా మెట్ల పక్కన సిమెంటు వాలు, పట్టుకునేందుకు కమ్మీ ఉన్నాయి. నా మోకాళ్లు రోజూ వాటికి దండం పెట్టుకుంటాయి. ఎవరినీ అడగక్కరలేదు, ఎవరికీ జవాబు చెప్పక్కరలేదు; మంచి కాలం కాదంటే అబద్ధమవుతుంది. కాకపోతే పోయినేడు ఒంట్లో బాగాలేక పదిహేను రోజులు గడప దాటలేదు. మళ్లీ వాకింగుకు బయలుదేరిన రోజు అపార్టుమెంటు వాచ్‌మన్ ఎప్పటిలాగే నవ్వి, ఎప్పటిలాగే గేటు తీశాడు. పాపం, అతని తప్పేమీ లేదు. నేనే గేటు దగ్గర ఒక నిమిషం ఎక్కువ నిలబడ్డాను, ఇన్నాళ్లూ యాడికి పోయినావప్పా అని ఎవరైనా అంటారేమోనని.