రామబ్రహ్మం మేపిన నాచు

మా అన్నయ్య రామబ్రహ్మం పోయి ఏడాది దాటింది. ఎదుటివాళ్ల కంచం మీదే ఆయన కన్ను ఎప్పుడూ. ఖాళీ అయితే వడ్డించాలి, నిండుగా ఉంటే మరీ వడ్డించాలి. తెనాలి నుంచి తెచ్చుకున్న ఈ జబ్బు హైదరాబాదులోనూ తగ్గలేదు.

ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, పుప్పాలగూడలో కుర్రాళ్లు పెట్టిన నాచు కంపెనీలో తొట్లు చూసుకునే పనికి కుదిరాడు. కంటికి ఆననంత సన్నటి పచ్చనాచు అది. ఎరువు వేసినంతకాలం పచ్చగా పెరుగుతుంది. ఎరువు ఆపి, పెద్ద లైట్లు వేస్తే హడలిపోతుంది. ఈత మానేసి, చుట్టూ గట్టి గోడ కట్టుకుని, లోపలి నూనె బొట్లలో ఎర్ర రంగు దాచుకుంటుంది. ఒళ్లు చెడకుండా దాన్ని కాపాడేది ఆ రంగే. మనవాళ్లు దాన్ని లాక్కుని, గొట్టం మాత్రల్లో నింపి, ముడతలు పడకుండా మింగుతారు.

"ఒత్తిడి పెడితేనే విలువైనది బయటికొస్తుంది అంకుల్," అనేవాడు యజమాని రోహిత్, మధ్యాహ్నం తినాల్సిన భోజనం డబ్బా సాయంత్రం తెరుస్తూ. తన మనుషుల మీదా అదే ప్రయోగం నడిపాడు. వాళ్లు పాలిపోయారంతే.

ఆ ఎర్ర రంగు కొనేవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. ఎర్ర తొట్టి చూపించకపోతే కంపెనీ మూతే. అన్నయ్యకి ఒకటే ఆజ్ఞ: ఎరువు వేయొద్దు.

నాచు కాస్త గోధుమరంగుకి తిరగగానే ఆయన గుప్పెడు వేశాడు. నేల తుడిచే శ్రీలత చూసింది.

"ఏంది సార్, వద్దన్నరు గద?"

"పస్తున్నాయమ్మా. మొహాలు పీక్కుపోయాయి."

"వాటికి మొహాలెక్కడియి సార్?"

"ముందు నువ్వు తిన్నావా?"

రోజూ ఇదే వరస. కొనేవాళ్లు వచ్చేనాటికి తొట్లన్నీ గోంగూర మడిలా ఉన్నాయి.

"ఎరుపేదండీ?" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"ఇంకో నాలుగురోజులు కడుపునిండా తిననివ్వండి, అదే వస్తుంది," అన్నాడు అన్నయ్య ధీమాగా.

వాళ్లు మళ్లీ రాలేదు. రోహిత్ తిట్టలేదు. "మూసేస్తున్నాం అంకుల్. తొట్లు డ్రైనేజీలో పారబోయించండి," అన్నాడు.

"నువ్వు వేళకి తిను బాబూ," అన్నాడు కంపెనీ ముంచిన పెద్దమనిషి.

డ్రైనేజీలో పోయడానికి చేతులు రాలేదట. బకెట్లతో వెనక చెరువులో వదిలి వచ్చాడు. చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్ల మురుగంతా చేరేది అందులోకే. ఆ పోషణలో నాచు ఎర్రబడే అవకాశమే లేదు. ఈ ఐటీ పేటలో మూడు పూటలా వేళ తప్పకుండా తింటున్నది అదొక్కటే.