మొఖం ఆమెది, మాట నాది

భువనగిరి బస్టాండు ఎదుట యాదగిరి హోటల్లో టీ తాగుతుంటే వెనకనుంచి నా గొంతు వినిపించింది. నేను నోరు మెదపలేదు. చేతిలో ఉస్మానియా బిస్కెట్ ఉంది, దాన్ని టీలో ముంచే పనిలో ఉన్నాను. తిరిగి చూస్తే గోడ మీది టీవీలో ఒక పాత సీరియల్ మళ్లీ వేస్తున్నారు. తెల్లచీర కట్టిన ముసలమ్మ కోడలి మీదికి చెయ్యి తిప్పుతూ "గిట్లెట్ల జేస్తవే, గట్లెట్ల జేస్తవే" అని అరుస్తోంది. ముఖం సుగుణమ్మది. అరుపు నాది. హోటల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. బిస్కెట్ విరిగి టీలో పడింది. దాని వెంట నేనూ మునిగిపోతే బాగుండుననిపించింది కానీ గ్లాసు చిన్నది.

సుగుణమ్మ ఎవరో ఈ కాలం వాళ్లకు తెలియదు. ఆ కాలం వాళ్లకూ పేరు తెలియదు. ఫోటో చూపిస్తే మాత్రం "ఈమెనా, హీరో తల్లి కదా, ఇంటర్వెల్‌కు ముందు చచ్చిపోతుంది" అంటారు. పోచంపల్లిలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, నాటకాల వాళ్ల వెంట హైదరాబాదు, అక్కణ్నుంచి మద్రాసు చేరి, సినిమాల్లో తల్లిగా చచ్చి, సీరియళ్లలో అత్తగా బతికి, మోకాళ్లు అరిగాక తిరిగొచ్చి మా పక్కింట్లో దిగింది. అప్పుడు తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్త. నేను డిగ్రీ తప్పి, డాబా మీద కూర్చుని ఫోన్‌లో నవ్వుల వీడియోలు తీసేవాణ్ని. మొదటిరోజు మర్యాదకు "అవ్వా" అని పిలిచాను. "అవ్వ అన్నవంటే చెంప పగుల్తది. పెద్దమ్మ అను. మేకప్ ఇంక దిగలే" అంది.

నవ్వించే పని నాకు ఆమే నేర్పింది. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి నా వీడియోలు చూసి పెదవి విరిచేది. "జోకు చెప్పకముందే నువ్వే నవ్వుతున్నవ్. ఇంక చూసేటోనికి ఏం మిగులుతది?"

"మరెట్ల పెద్దమ్మా?"

"ఏడ్చుడు గూడ గంతే. నీళ్లు కండ్లల్ల ఆపుకుంటె చూసేటోళ్లు ఏడుస్తరు. ఇడిసిపెడితె మనమొక్కలమే ఏడుస్తం. ముక్కు గూడ కారుతది. క్లోజప్‌ల మంచిగుండది."

పాఠం అయ్యాక రోజూ ఒకే మాట అడిగేది: "తిన్నవా బిడ్డా?" ఆ 'బిడ్డా' సగం ఆమె గొంతులోనే ఉండిపోయేది. నేను తినకపోతే ఆ తప్పు తనదే అన్నట్టు అడిగేది.

ఒకరోజు టీవీలో ఆమె సినిమా వస్తుంటే కేక వేసి పిలిచాను. వచ్చి గడపలోనే నిలబడింది. తెర మీద ఆమె కొడుకును పట్టుకుని కమ్మని కోస్తా మాటల్లో విలపిస్తోంది.

"మొఖమే నాది రా. నా మాట మోటుగ ఉందని ఒక్క సినిమాల గూడ ఉంచలే. రాజమండ్రి ఆమె ఒకామె నాకు డబ్బింగు చెప్పేది. మంచిగ చెప్పేది పాపం. ఆమె సచ్చిపోయిన్నాడు మస్తు ఏడ్చిన, నా గొంతు పోయిందని."

"అంటే ఇన్నేండ్లు మౌనవ్రతం మీదనే సంపాదించినవన్నట్టు" అన్నాను, అలవాటు కొద్దీ.

నవ్వింది. తర్వాత చెప్పింది: "మా నాయిన నా సినిమా చూడనీకి సైకిలేసుకొని భువనగిరి పోయిండట. ఇంటికొచ్చి అమ్మతోని అన్నడట, మొఖం మన పిల్లదే, మాట ఎవలదో అని. మల్ల ఏ సినిమాకు పోలే. ఒక్కపారన్న నా మాట అండ్ల ఇనాలె రా. ఒక్కటి సాలు."

ఆ రోజు నాకు జోకు తట్టలేదు. మా ఇంట్లో వాళ్లు జ్వరం వచ్చిందేమోనని చూశారు.

కాలం మారింది. అంతకుముందు సినిమాల్లో రౌడీల నోటికీ పనిమనుషుల నోటికీ మాత్రమే తగిన మా మాటకు ఒక్కసారి గిరాకీ పెరిగింది. ఒక సీరియల్ వాళ్లు వెతుక్కుంటూ వచ్చి, అచ్చమైన తెలంగాణ నాయనమ్మ కావాలి, డబ్బింగు కూడా మీరే చెప్పాలి అన్నారు. పెద్దమ్మ పెరుగు మానేసింది. పొద్దునా సాయంత్రం మిరియాల పాలు తాగింది. షూటింగు అయ్యాక డబ్బింగు రోజున, మెట్లు ఎక్కించడానికని నన్ను వెంట తీసుకెళ్లింది.

చీకటి గది, ఎదురుగా తెర, మధ్యలో మైకు. తెర మీద తన పెదాలు కదలగానే పెద్దమ్మ మాట అందుకుంది. కోడల్ని తిట్టే మాటే అయినా అందులో ఇంత జాలి ఉంది. ఆ ముఖం, ఆ మాట మొదటిసారి ఒకచోట కలిశాయి.

అద్దం వెనకనుంచి డైరెక్టరు అన్నాడు: "బాగుందమ్మా. కానీ తెలంగాణ సరిపోవట్లేదు."

"పోచంపల్లి ఏడుందనుకున్నవ్ బాబూ?"

"అది కాదమ్మా, కొంచెం పంచ్ కావాలి. ఇదిగో, ఇలా" అంటూ బయటికొచ్చి ఫోను చూపించాడు.

ఫోన్‌లో నేనున్నాను. నెత్తిన కొంగు, దవడలో వక్క, నడుం మీద చెయ్యి. 'పక్కింటి అవ్వ' అని నేను చేసిన వీడియో. ఆ నిలబడే తీరు పెద్దమ్మది, చెయ్యి తిప్పే తీరు పెద్దమ్మది. మాట మాత్రం ఎవరిదీ కాదు. ఆమె ఒకసారి 'గిట్ల' అంటే నేను నాలుగుసార్లు అనేవాణ్ని, జనం నవ్వుతున్నారని. ఆమెకు చూపించని వీడియోలు అవి మాత్రమే. ఆ వేషంలో ఉన్నది నేనేనని డైరెక్టరు పోల్చుకోలేదు. పెద్దమ్మ ఫోను దూరంగా పట్టుకుని చివరిదాకా చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నవ్వలే నువ్వు. మంచిగ నేర్సుకున్నవ్" అంది.

తిట్టి ఉంటే ఏదో ఒక జోకుతో తప్పించుకునేవాణ్ని.

అలాగే అనడానికి ప్రయత్నించింది. ఆమెకు రాలేదు. "జర చెప్పు రా, ఎట్లనాలె?" అని నన్నడిగింది. చెప్పి చూపించాను. లోపల ఎవరో, "ఈ అబ్బాయే చెప్పేస్తే పోలా? ముసలి గొంతే కదా" అన్నారు. గదంతా నవ్వింది. పెద్దమ్మ హెడ్‌ఫోన్లు తీసి తన చేతులతోనే నా నెత్తిన పెట్టింది. "మైకుకు మరీ దగ్గరికి పోకు" అంది. నేను వద్దనవచ్చు. అనలేదు. మొదటి టేకుకే ఓకే అయింది.

తిరుగు బస్సులో నోరు మూసుకోలేక, "ఇంక నీకు మీసాలు గూడ వస్తయి పెద్దమ్మా" అన్నాను. ఎంత నవ్వాలో అంతే నవ్వింది. ఆ నవ్వు నటన అని పక్క సీటువాడికి తెలియదు. మర్నాడు పిట్టగోడ మీదనుంచి మామూలుగానే "తిన్నవా బిడ్డా?" అని అడిగింది. తినకుండానే తిన్నానన్నాను.

నిరుడు ఆమె పోయింది. ఊళ్లో సంతాప సభ పెట్టి, దండ వేసిన ఫోటో పక్కన మైకులో ఆ సీరియల్ ముక్క వినిపించారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. "గా గొంతు ఇంక మనం ఇనలేం" అన్నాడు ఒక పెద్దమనిషి. నేను ఆయన పక్కనే ఉన్నాను, జలుబుతో. పెద్దమ్మ చెప్పిన ఆ మొదటి టేకు ఏమైనా దొరుకుతుందేమోనని సీరియల్ వాళ్లకు ఫోన్ చేశాను. ఓకే కానివి ఉంచుకోం అన్నారు.

ఇప్పుడు వీడియోలు మానేసి ఫోన్లు బాగుచేస్తున్నాను. హోటల్లో సీరియల్ ఆగి ప్రకటనలు మొదలయ్యాయి. యాదగిరి గ్లాసులు కడుగుతూ, "అన్నా, గా అవ్వ గొంతు నీదేనంట గదా. ఒక్కపారి చెయ్యన్నా" అన్నాడు. బల్లల దగ్గర ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు.

గ్లాసు కింద పెట్టాను. ఆమె నేర్పినట్టు ముఖంలోకి నవ్వు రానివ్వలేదు. నీళ్లు కళ్లలోనే ఆపుకున్నాను. సగం గొంతులోనే ఉంచుకుని, మెల్లగా అన్నాను: "తిన్నవా బిడ్డా?"

యాదగిరి కాసేపు ఎదురుచూశాడు, ఇంకేమైనా ఉందేమోనని.

"గిదేందన్నా, అవ్వ లెక్క లేదు. టీవీల లెక్క చెయ్" అన్నాడు.